నలభై ఒకటి

గుణుపూర్ బస్టాండు వెనక నా కొట్లో
వానాకాలమంతా ఫోన్లు బియ్యం డబ్బాల్లోనే పడుకుంటాయి.
బియ్యం ఏమీ చెయ్యదని నాకు తెలుసు.
తెచ్చినవాళ్ల బెంగ కోసం మూత తీసి చూపిస్తాను.

ఆ ఏడు వచ్చింది ఫోన్ కాదు.
కొండమీది విత్తనాల గదిలోంచి
ఏలియా శబర చొక్కా లోపల దాచుకుని తెచ్చాడు
అరచేతిలో సగమున్న ఆకుపచ్చ పలక.
గదిలో చెమ్మ ఎంతుందో చెప్పే బోర్డు
చెమ్మకే చచ్చిపోయింది.
"ఏటి వరాలక్కా, డాక్టరుకే జొరమొస్తే ఎలాగ?"
నవ్వు రాలేదు నాకు.
రాగి దారుల్లో చిలుము,
టంకం మీద బూజులాంటి తెల్లపొర.

స్పిరిట్‌తో కడిగాను, పాత పళ్లబ్రష్షుతో.
సెన్సార్ విశాఖ నుంచి కొత్తది తెప్పించాను.
కందిబద్దంత ఉంది.
దాని నెత్తిన సూదిమొన పట్టే కన్నం.

ఇక చూడండి నా తెలివి.
వార్నిషు డబ్బా విప్పి
పసిబిడ్డకి నూనె రాసినట్టు
ఒళ్లంతా పూసేశాను, సందు వదలకుండా, రెండు పూతలు.
ఎండలో మెరిసింది.
కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చూపించాను.

ఆషాఢం, శ్రావణం.
బోర్డు చావలేదు.
రోజూ పొద్దున్నే ఏలియా ఫోన్‌కి అంకె పంపేది:
నలభై ఒకటి.
ముసురు పట్టింది. నలభై ఒకటి.
వంశధార కాశీనగర్ దగ్గర రోడ్డెక్కింది. నలభై ఒకటి.
కప్పుకున్న దుప్పటి పిండితే నీళ్లు కారేలా ఉన్న రాత్రి
నలభై ఒకటి.
ఎంత నిబ్బరం, నా చేతిమీద బతికిన బోర్డు అంటే అదీ
అని మురిసిపోయాను.

భాద్రపదంలో గాదె మూత తీస్తే
చోళ్లు ముద్దకట్టి ఉన్నాయి.
సామల్లో తెల్లటి నూగు.
విత్తనాలు చూసుకునే సుంబారి నన్నేమీ అనలేదు.
పొయ్యి పక్కనున్న ఉప్పు కుండ
కాలితో నా ముందుకి జరిపింది.
కుండ ఒళ్లంతా చెమట, తెల్లటి చారలు.
సవర మాటలో ఏదో అంది.
ఏలియా కాసేపు తడుముకుని తెలుగు చేశాడు:
"మా కుండకి నువ్వు రంగెయ్యలేదు కదా, అంటంది."

ఆ మాట నములుతూనే కొండ దిగాను.

మళ్లీ అదే బల్ల, అదే లైటు, ఇంకో కందిబద్ద.
ఈసారి ముందు కన్నానికి టేపు.
మూడు ముక్కలు పారేశాక నాలుగోది సరిపోయింది.
పులిసిన వాసనొచ్చే సిలికాన్ ముట్టుకోలేదు,
అది రాగిని తింటుంది.
వేడిగాలి మిషను అటక మీద పెట్టేశాను,
లోపలి సన్నపొర కమిలిపోతుందని.
స్పిరిట్ కూడా దూదితో అద్దడమే,
కన్నం దరిదాపులకి పోకుండా.
కాళ్లకి, టంకానికి, దారులకి
సన్న కుంచెతో వార్నిషు.
టేపు ఎప్పుడు లాగాలి?
పచ్చిగా ఉన్నప్పుడు లాగితే కన్నంలోకి జారుతుంది,
పూర్తిగా ఆరాక లాగితే అంచు పెచ్చులేస్తుంది.
పక్కన గాజుముక్క మీద ఒక చుక్క వేసి
వేలితో అంటి, అంటి చూశాను
అరిసెల పాకం చూసినట్టు.

వాసన వదిలేదాకా మూడు రోజులు కిటికీలో.
కొట్లో అగరొత్తి కూడా వెలిగించలేదు.
తర్వాత కన్నం నేలవైపు ఉండేలా బోర్లించి
పైన సొట్టబోయిన స్టీలుగిన్నె గొడుగు పెట్టాం.
బొట్టు రాకూడదు. గాలి రావాలి.

అయినా భయమే.
ఒళ్లంతా కప్పి ఒక్కచోట బట్టకట్టకుండా వదిలాను.
ఈ ఏడు కాకపోతే పైయేడు
ఆ చోటునుంచే ఇది పోతుంది.
మార్చడానికి వీలుగా సెన్సార్‌ని సాకెట్లో కూచోబెట్టాను,
అంతకుమించి నాకు చేతకాలేదు.

కార్తీకం తుఫాను ముసురులో మొదటి అంకె:
ఎనభై ఎనిమిది.
అరగంటకి తొంభై ఒకటి.
ఏలియా ఫోన్ చేశాడు, గొంతులో కంగారు:
"అక్కా, తప్పు చూపిస్తందేమో."
"ఉప్పు కుండ చూడు" అన్నాను.

అవతల అడుగుల చప్పుడు,
మూత చప్పుడు, సుంబారి గొంతు.
గోళ్లకి అంటి ఆరిపోయిన వార్నిషు గీక్కుంటూ
లైన్లోనే ఉన్నాను.