బాహుళకం

శనివారం రెండున్నరకి
ఒంగోలు బస్సు దిగి వస్తాడు కొర్నేలి సారు.
చంకలో గొడుగు, సంచిలో డిగ్రీ మొదటేడు పుస్తకం.
మేము పదో తరగతి, తొమ్మిది మందిమి.
మిషను బడి గదులకి రిపేరని
గుడిలోనే మా కాలేజీ.
పావురాల రెట్టలు తుడుచుకుని బెంచీల మీద కూర్చుంటాం.

ఫారం మీద అమ్మ వేలిముద్ర కావాలన్నారు.
పలకల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి చదివి చెప్పాను:
ఇప్పుడు పాసైతే నాలుగు క్రెడిట్లు,
రేపు కాలేజీలో ఆ పేపరు మళ్ళీ రాయక్కర్లేదు.
అమ్మ కనురెప్పలు కూడా పలకపొడి రంగు.
"క్రెడిట్టంటే అప్పేగదే?
చెంచయ్య కొట్లో రాసేదే గదా?
నాలుగంటే ఎంత? ఎప్పుడు తీర్చాల?"
నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.
అప్పు కాదమ్మా, జమ అన్నాను.
"మనకెవురే జమేసేది" అంటూ
కొంగుతో బొటనవేలు రెండుసార్లు తుడిచి
ఇంకు ప్యాడు మీద అద్దింది.
ముద్ర పడింది, గీతలు పడలేదు.
పలక అంచులు రుద్ది రుద్ది
ఆ వేలికి గీతల్లేవు.
క్లర్కు ఇంకోసారి వేయించాడు, ఇంకోసారి,
చివరికి ఆ నల్లమచ్చ కిందే సంతకం పెట్టాడు.

మొదటి పాఠానికి అంకెలు ఎక్కడ దొరుకుతాయా అని
సారు చుట్టూ చూశాడు.
గోడకి పాటల నంబర్ల పలక,
మన మార్కాపురం పలకే, చెక్క చట్రంలో.
పోయిన ఆదివారం సుద్దముక్క రాత అట్లాగే ఉంది:
రెండొందల పన్నెండు, నలభై ఏడు, మూడొందల తొంభై.
"సగటు తీయండి."
రెండొందల పదహారూ, పైన మూడోవంతూ వచ్చింది.
"ఆ నంబరు పాట పాడండి చూద్దాం" అన్నాడు.
అందరం నవ్వాం.
"అదీ సంగతి. సగటు అంటే
ఎవరూ పాడని పాట."

బాహుళకానికి మూడంకెలు చాలవన్నాడు.
ఎలీషా తాత దగ్గర నోటుబుక్కులున్నాయి, పదకొండేళ్ళవి.
తేదీ, వాక్యం, పాడిన పాటలు, వచ్చిన కానుక,
తడిసిన పేజీలో "వాన, జనం తక్కువ" అని కూడా.
ప్రాజెక్టు నాకూ కెజియాకీ పడింది.
మూడు శనివారాలు
నాలుగు నిలువుగీతలు, ఐదోది అడ్డంగా.
క్రిస్మసు పాటే గెలుస్తుందని కెజియా పందెం కాసింది,
రెండు రేగొడియాలు.

గెలవలేదు.
గెలిచింది నాలుగొందల పద్దెనిమిది,
పెట్టె మూసేటప్పుడు పాడేది.
నూటముప్పై ఏడు గీతలు.

పేజీ వెనక్కి తిప్పితే
తాత సన్నక్షరాల్లో పేరు, వయసు, పని.
పని కింద ఒక్కసారే "పలకల పని" అని రాసి
ఆ కిందంతా రెండేసి చిన్న గీతలు,
పైదే, పైదే, పైదే.
మూడో నోటుబుక్కులో
మా నాన్న కూడా ఒక పైదే.
కెజియా నా వంక చూడకుండా
పెన్సిలు చెక్కుతూ కూర్చుంది,
ములుకు విరిగినా చెక్కుతూనే ఉంది.

చార్టు గోడకి ఆనించాం.
సారు కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
"వయసుల సగటు?" అని మాత్రం అడిగాడు.
పలకల పని వాళ్ళది నలభై రెండు, సార్.
మా అమ్మకి ముప్పై తొమ్మిది.
ఆ తీసివేత చార్టులో పెట్టలేదు.
సగటు అంటే ఎవరూ పాడని పాట గదా సార్,
మీరే అన్నారు గదా.

జూన్‌లో కాగితం వచ్చింది.
నా పేరు, రోల్ నంబరు, ఎదురుగా నాలుగు.
గుడిసె ముందు దీపం వెలుతుర్లో అమ్మకి చదివి వినిపించాను.
కాగితానికి పొడి అంటకుండా
రెండు వేళ్ళ కొసలతో పట్టుకుంది,
తలకిందులుగా.
"అయితే తీరినట్టేనా?"
ఆమె దగ్గు తెర ఆగేదాకా ఆగి
ఇంకా లేదమ్మా, అన్నాను.