నీలం ఫైలు

టికెట్లు మేనల్లుడు తీశాడు. నాకు కిటికీ పక్కన.
కంచిలి నుంచి చీకటితో బయల్దేరిన కారులో
నా ఒళ్లో ఉన్నది ఒక్కటే, నీలం ఫైలు.
పదకొండేళ్ల నెత్తురు కాగితాలు.
క్రియాటినిన్ రెండు పాయింటు ఒకటి,
మూడు పాయింటు నాలుగు,
చివరిది ఏడు. దాని చుట్టూ ఎర్ర సున్నా.
"పాతవన్నీ పట్రండి" అన్నాడు ఫోన్లో
హైదరాబాదు డాక్టరు.
ఉద్దానంలో కొబ్బరిచెట్టు వయసు
కాండం మీద చారల్ని బట్టి చెప్తాం.
మా వయసు ఈ కాగితాల్ని బట్టి.

భోగాపురం. రన్‌వే పక్కన సరుగుడు తోపులు.
వాటి వెనక సముద్రం ఉండాలి, కనబడలేదు.
పిండిమరకి బెల్టు తగిలించగానే
గోడలన్నీ వణికినట్టు వణికి
విమానం పరుగందుకుంది.
దమయంతి నా చెయ్యి పట్టుకుంది.
ఫిస్టులా పెట్టిన చెయ్యి కాదు, రెండోది.
అంత భయంలోనూ మర్చిపోలేదు.

అప్పుడు, రెక్క కింద,
మేడ మీంచి కొబ్బరికాయల బస్తా జారినట్టు
ఒక్క దెబ్బ.
నేనే ముందు చూశాను. కిటికీ నాది కదా.
మంట నేననుకున్నంత ఎర్రగా లేదు,
తెల్లగా, శుభ్రంగా,
ఎవరో శ్రద్ధగా వెలిగించినట్టుంది.
చెప్దామంటే నోట్లో తడి లేదు.
రోజుకి లీటరు నీళ్లే తాగమన్నారు నన్ను.

బ్రేకులు. నుదురు ముందు సీటుకి కొట్టుకుంది.
ఆగాక ఒక నిశ్శబ్దం. చాలా చిన్నది.
ఒక పసివాడు మాత్రం "మళ్లీ! మళ్లీ!" అన్నాడు.
తర్వాత అందరూ లేచారు.

కిటికీ ప్లాస్టిక్కు మీద సన్నటి గీతలు పాకుతున్నాయి.
ఒకాయన పై అర తెరిచి
పలాస జీడిపప్పు డబ్బాలు దింపుకుంటున్నాడు,
సోంపేట స్టేషనొచ్చినట్టు, ఒక్కొక్కటీ.
వెనక నుంచి "ఓలమ్మో, కదలండర్రా!"
పొగ ముందు కాళ్లకి తగిలింది, తర్వాత కళ్లకి.

కుడి తలుపు దగ్గర ఒక చిన్నపిల్ల,
మా ఊరి మొహం కాదు, ఎక్కడో కొండల వైపు మొహం.
మూడే తెలుగు ముక్కలు నేర్చుకున్నట్టుంది.
"వదలండి. దూకండి. పరిగెత్తండి."
దమయంతి దూకేసింది.
నేను ఫైలు గుండెకి హత్తుకుని నిలబడ్డాను.
నా వెనక ఎంతమంది ఉన్నారో
ఇప్పటికీ లెక్కపెట్టుకోడానికి భయం.
ఆ పిల్ల ఫైలు లాగి వెనక్కి విసిరింది.
అరచెయ్యి నా వీపు మీద పడింది.

యాభై మూడేళ్లకి జారుడుబల్ల ఎక్కాను.
మా బళ్లో ఉండేది కాదు.

గడ్డిలో పడి, లేచి, మళ్లీ పడి,
సైరన్ల వైపు పరుగు.
నురగ కప్పుకుంటున్న రెక్కని
వెనక్కి తిరిగి చూసినవాళ్లు తక్కువ.
తలలు మూడుసార్లు లెక్కపెట్టారు. నూట అరవై రెండు.
ఆ పిల్ల ఆఖర్న వచ్చి
సరుగుడు చెట్ల వైపు తిరిగి
వాంతి చేసుకుంది.
నేను దగ్గరికెళ్లాను, ఏదో తిడదామనే.
"నీ పేరేటమ్మా?" అని మాత్రం వచ్చింది.
లింతోయి అంది. నాకు నోరు తిరగలేదు.
దమయంతి కొంగుతో దాని మూతి తుడుస్తూ
"లింతమ్మ" అంది, అక్కడికి అయిపోయినట్టు.

ఆ తర్వాత నా దగ్గరికొచ్చి
ఎడమ మణికట్టుకి చెవి ఆనించింది.
ఫిస్టులాలో నెత్తురు తేనెటీగలా మోగుతుంటుంది, ఆగితే అంతే.
ఇంతమంది ఏడుస్తుంటే ఏం వినబడుతుంది?
కళ్లు మూసుకుని చాలాసేపు విని
"తిరుగుతంది" అంది.

పధ్నాలుగు రోజులకి ఫైలు పార్శిల్లో వచ్చింది.
నురగకి తడిసి, ఆరి, అట్టలు కట్టింది.
అంకెలన్నీ కరిగిపోయాయి.
ఏడొక్కటే ఉంది,
ఎర్ర సున్నాలో, చెక్కుచెదరకుండా.
దమయంతి కాగితాలు విడదీసి
పెరట్లో కొబ్బరి తాడు మీద ఆరేసింది.
ఎందుకో నేనడగలేదు.