కొంగా దువ్వెనా

నాన్న లెక్కల పుస్తకంలో విడి ధరలు ఉండవు.
మొత్తాలే ఉంటాయి,
కొమ్ముపొడి అంటిన వేళ్ళతో, వంకర తెలుగులో:

ఒక కొంగ, నాలుగు దువ్వెనలు: అయిదు వందలు.
మూడు కొంగలు, రెండు దువ్వెనలు: ఏడు వందలు.

ఆ రోజు నాన్న కొమ్ములు బేరమాడడానికి
గుణుపురం రైలెక్కాడు.
మధ్యాహ్నం గుమ్మంలో ఒకావిడ.
బరంపురం బస్సుకి ఇంకా ముప్పావుగంట ఉందట.
దువ్వెన ఒక్కటి ఎంత, అంది ఒడియాలో.
అమ్మ నా వైపు చూసింది.
నేను పుస్తకం వైపు చూశాను.
పర్లాకిమిడి మొత్తంలో ఇంత చిన్న ప్రశ్నకి
జవాబు లేని ఇల్లు మాదొక్కటే అనిపించింది.

నిరుపమా సబర టీచర్ ముందటి వారమే చెప్పారు.
ఆవిడకి ఇంట్లో సవర, బడిలో ఒడియా,
నాలాంటి వాళ్ళ కోసం మధ్యమధ్య తెలుగు.
బోర్డు మీద ప్రతికల్పన అని రాశారు.
మహేంద్రతనయ అవతల, పాతపట్నం బడిలో చదివే
మా చిన్నాన్న కూతురు హైమ పుస్తకంలో
దాని పేరు ప్రతిక్షేపణ.
వేసవిలో పావడా ఎత్తిపట్టి దాటేంత నది.
ఈ గట్టు మాట తీసి ఆ గట్టు మాట పెట్టినా
లెక్క తేడా రాలేదు.

"తెలియని వాడి గురించి పక్కవాణ్ణి అడుగు," అనేవారు టీచర్.
"వాడూ తెలియనివాడే.
అయినా అడుగు."

సరే, కొంగ అంటే ఏమిటి?
అయిదు వందల్లోంచి నాలుగు దువ్వెనలు పోగా మిగిలేది.
అంతే. రెక్కల్లేవు, ముక్కు లేదు,
నాన్న మూడు రోజులు ఆకురాయితో తీసిన
మెడ ఒంపు లేదు.
ఆ మాటనే పట్టుకెళ్ళి, తొందరలో,
అది పుట్టిన వాక్యంలోనే పెట్టేశాను.
దువ్వెనలు దువ్వెనలతో కొట్టుకుపోయాయి.
అయిదు వందలు సమానం అయిదు వందలు.
నిజమే.
అద్దాన్ని నువ్వెవరని అడిగితే
అద్దం చెప్పేటంత నిజం.

ఆవిడ గడియారం చూసుకుంది.
అమ్మ మజ్జిగ ఇచ్చింది.

ఈసారి రెండో వాక్యం తలుపు తట్టాను.
మూడు కొంగలు కూర్చున్న చోట
మూడుసార్లు ఆ మిగులునే కూర్చోబెట్టాను.
పదిహేను వందలు వచ్చాయి,
పన్నెండు దువ్వెనలు పోయాయి, రెండు తిరిగొచ్చాయి.
సిమెంటు సంచి కాగితం మీద
పది దువ్వెనలు ఎనిమిది వందల దగ్గర ఆగాయి.

"అశీ టంకా," అన్నాను.
ఆవిడ బేరమాడలేదు. రెండు తీసుకుంది.
ఆవిడ వెళ్ళాక, వచ్చిన దారినే వెనక్కి నడిస్తే
కొంగ కూడా దొరికింది, నూట ఎనభైకి.
రెండు వాక్యాల్లోనూ పెట్టి చూశాను.
రెండూ ఒప్పుకున్నాయి.
నేనేదో కనిపెట్టినట్టు
అమ్మ ఆ కాగితం మడిచి పోపులపెట్టెలో దాచింది.

రాత్రి నాన్న కాళ్ళు కడుక్కుంటూ అంతా విన్నాడు.
"ఆ మొదటి బేరంలో నాలుగో దువ్వెన కొసరే.
ముసిలాయన మనవరాలికని ఇచ్చీసినాను.
అది లెక్కలోకి రాదు."

మూడు దువ్వెనలతో మళ్ళీ మొదలెట్టాను.
ఎనిమిది వందల్ని ఏడుతో భాగించాల్సి వచ్చింది.
నూట పద్నాలుగు దగ్గర చుక్క పెట్టాను.
చుక్క తర్వాత కారుతూనే ఉంది.
కాగితం అయిపోయింది.

"మరి అసలు ధరేటి నాన్నా?"
"మనిషిని బట్టి ఉంటాదే,"
కొమ్ముని సెగకి చూపిస్తూ.
వెంట్రుక కాలిన వాసన ఇల్లంతా.
నా సమీకరణాల్లో
మనిషికి అక్షరం ఇవ్వలేదు నేను.

పొద్దున్న పుస్తకం తెరిస్తే
కొత్త పేజీ, నాన్న రాత:
దువ్వెన ఒకటి, ఎనభై.
దాని కింద, కొంగ ఒకటి.
పక్కన సన్నగా ఒక గీత గీసి
ఖాళీ వదిలేశాడు.