ఉప్పు గడి

బాగుంది తూరున్, నీ పటం.
మూడు తరాల కంపెనీలు కొమ్మలై చీలి
చివుళ్ళ దగ్గర తేదీలు.
ఎర్ర సిరాతో గీసిన ఈ మలుపు పక్కన
"అద్దె పద్ధతి, యాభై ఎనిమిది, దూరదృష్టి" అని రాశావే,
అక్కడ కాస్త ఆగు.
కాఫీ పోసుకో. చెబుతాను.

ఆ ఏడు నాకు పందొమ్మిది.
స్కార్విక్ రేవులో హెర్రింగ్ చేపల వాసన
జుట్టుకీ జీతానికీ ఒకేలా అంటుకునేది.
మాది పీపాల కొట్టు. చేస్తాం, అమ్ముతాం, మర్చిపోతాం.
ఒక శుక్రవారం, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో,
పాత బిల్లు చూసి కొత్త బిల్లు ఎక్కిస్తుంటే
చూపు ఒక వరస కిందికి జారింది.
నలభై పీపాల ధర పడాల్సిన చోట
రేవు అద్దె పడింది, నెలకింత అని.

పడవ యజమాని ఇంగెబ్రిక్ట్ గొణగలేదు.
నెల తిరిగేసరికి డబ్బు పంపాడు.
మళ్ళీ నెల మళ్ళీ పంపాడు.
నేను నోరు మెదపలేదు.
చెబితే ఉద్యోగం పోతుందని, అంతే.

జీవుల్లోనూ ఇంతేనా?
నకలు రాసే చెయ్యి ఎక్కడో వణకడం,
ఆ తప్పు బతికి బట్టకట్టడం?
తల ఊపుతున్నావు. సరే, మిగతాది విను.

తరువాతి రెండు చలికాలాలూ చేప రాలేదు.
సముద్రం ఎవరి పద్దులూ చూడలేదు.
పీపా కొనడానికి ఎవరి దగ్గరా చిల్లిగవ్వ లేదు,
అద్దెకైతే సరేనన్నారు.
మా పక్క కొట్టు గుడ్‌ముండ్‌ది.
అతని పీపా మా పీపా కన్నా గట్టిది, ఒట్టు.
అతని గుమాస్తా ఒక్క అంకె తప్పు రాసి ఎరగడు.
మంచు కరిగేలోపు ఆ తలుపుకి మేకులు కొట్టారు.
నీ పటంలో అతని కొమ్మ ఏదీ?
కాగితాలు దొరకలేదన్నావు.
దొరకవు. మరుసటి చలికి వాటితోనే పొయ్యి రాజేసుకున్నారు.

మా యజమాని నిలువెత్తు బొమ్మ హాల్లో వేలాడుతోంది,
చూపు ఎటో దూరంగా.

ఇప్పుడు కంపెనీ పీపాలు చెయ్యదు.
చమురు బావులకి పంపులు అద్దెకిస్తుంది,
వాటిని కనిపెట్టే ప్రోగ్రాములు అద్దెకిస్తుంది.
మొన్న ఒక కుర్రాడు తెర మీద బిల్లు చూపించాడు.
పరిమాణం, రేటు, పన్ను,
మధ్యలో ఒక గడి: ఉప్పు.
ఎప్పుడూ సున్నా.
తీసేస్తే మొత్తం లెక్క కూలుతోందట,
ఎందుకో ఎవరికీ తెలియదట.
ఆ గడి గీసిన స్కేలు నా సొరుగులో ఇంకా ఉంది.

తిమింగలం ఒంట్లో కాలి ఎముక ఉంటుందని
నిన్న నువ్వే అన్నావుగా.
ఇదీ రాసుకో.
దూరదృష్టి మాత్రం కొట్టెయ్.
ఆ చోట "చలి" అని రాయి.