గెడకర్ర కొలత

రంభలో ఇళ్ళు చూపించే పాత్రో బాబు
స్కూటరెక్కి రమ్మన్నాడు.
వీధి వైపు నుంచి ప్రతి ఇల్లూ ఇల్లులాగే ఉంటుంది బాబూ,
మేం నీళ్ళ మీంచి వస్తామన్నాను.
అతను ఒడియాలో నవ్వాడు.
నేను తెలుగులో ఇంజిను తాడు లాగాను.

సముద్రం మా పాత ఇంటిని
మూడు విడతల్లో తీసుకుంది.
ముందు పెరడు, మరుసటేడు వంటిల్లు,
ఆఖరికి చిరునామా.
అల మీదికి పోయే తెప్పనమ్మి
చిలికాలో తిరిగే ఈ పడవ కొన్నాం.
ఇరవై ఆరడుగులు.
వలలెక్కితే రెండు జానల లోతు అడుగుతుంది,
ఇంజిను తోకకి ఇంకో జానెడు.
మళ్ళడానికి దాని ఒళ్ళంత చోటు.
ఇంతకంటే ఏమీ అడగదు,
ఇంతకు తగ్గితే ఒప్పుకోదు.

మొదటిది కొత్త సున్నం కొట్టిన పెంకుటిల్లు.
సిమెంటు మెట్లు ఏడు,
చివరి మెట్టుకి తాడు కట్టే ఇనప కడియం.
వాకిట్లో బంతిపూలు కూడా.
గెడ దించాను.
మూరెడు దిగిందో లేదో బురద పట్టుకుని వదల్లేదు.
"మాఘమాసం కదా, నీళ్ళు కాస్త తక్కువ" అన్నాడు పాత్రో.
"మాగంలోనే మోకాలుకి రాకపోతే
జేష్టంలో పడవని సంకనెత్తుకోవాలేటి?"
అంది కొర్లమ్మ, బంతిపూలని చూస్తూనే.

రెండో రేవు లోతైనదే.
కానీ రేవు ముందే రొయ్యల ఘేరీ,
వెదుళ్ళూ వలలూ, కాపలాకి ఓ కుర్రాడు, వాడికో విజిలు.
మన ఇంటికి మనం పోడానికి
రోజుకి రెండుసార్లు వాణ్ణి బతిమాలాలి.
పడవ మళ్ళించాను. ముక్కు వెదురుకి గీసుకుంది.
ఆ గీత ఇంకా ఉంది.

సాయంత్రమైంది. పాత్రోకి ఆకలి, నాకు విసుగు.
కొండ నీళ్ళలోకి మోకాలు చాపినట్టున్న చోట
ఒకటిన్నర గది ఇల్లు.
పెంకులు సగం లేవు, వీధి తలుపు ఒక్క బందు మీద వేలాడుతోంది.
"అది చూపించనులే" అన్నాడతను.
కొర్లమ్మ అప్పటికే చీర దోపుకుని దిగిపోయింది.
నడుం దాకా వచ్చాయి నీళ్ళు.
కింద రాయి. జారని రాయి.
దక్షిణపు గాలి కొండ మోకాలికి తగిలి
ఇవతలికి ఉత్త చేతుల్తో వస్తోంది.

పక్కింటి సుభద్ర మౌసి
బండ మీద అంట్లు తోముకుంటోంది.
ముప్ఫై ఏళ్ళుగా అక్కడే తోముతోందట.
నీళ్ళ లెక్కకి ఇంకే ఆఫీసుకి పోతాం?
జ్యేష్ఠంలో ఎక్కడికి దిగుతాయని అడిగితే
సగం ఒడియా సగం తెలుగు కలిపి
మసి చేత్తో రాతి మీద ఒక గీత చూపించింది.
తెల్లగా, గవ్వలంటుకుని.
ఆ గీత నుంచి అడుక్కి గెడ పెట్టి చూశాను.
నాలుగు జానలు.
కొర్లమ్మ నీళ్ళలోంచే నాకేసి చూసింది.
వంటిల్లు లేదే అన్నాను.
"పొయ్యి ఏడెడితే అదే వొంటిల్లు.
రేవుని నువ్వు కట్టగలవా?"

పడవ ముక్కు రాతికి ఆనించి
ఇంజిను ఆపాను.
అది అటూ ఇటూ పోలేదు.
ఇంటి బేరం అక్కడే అయిపోయింది, పాత్రోకి తెలీదంతే.

చైత్రంలో చేరాం.
మొదటి రాత్రే అకాల వాన.
ఒకటిన్నర గదీ పూర్తిగా కారింది.
పడవలో టార్పాలిను కింద దూరి
మా ఇంటికి మేమే తాడు కట్టుకుని పడుకున్నాం.

తెల్లారాక కమిషను కోసం పాత్రో వచ్చాడు,
స్కూటరు మీద, వీధి వైపు.
తలుపు కొట్టాడు. సూరాడ బాబూ అని పిలిచాడు.
మళ్ళీ కొట్టాడు.
కొర్లమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది.
చేపల వాసన, నిన్నటి సున్నం వాసన.
బందు ఊడి తలుపు పడ్డ చప్పుడైంది.
మేం కదల్లేదు,
పడవ కూడా.