దెబ్బ తినేవాళ్ల వైపు నుంచి

మూడు కాగితాలు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని
అక్రా ఎండలో బుకోమ్ సందులన్నీ దాటి వెళ్లాను.
ఆ బాక్సింగ్ జిమ్‌కి గోడలు మూడే.
నాలుగోది కట్టేలోపు డబ్బులైపోయాయట,
అటువైపు సముద్రాన్నే ఉంచేశారు.

లార్యే కంపెనీ పెడుతున్నాడు.
గ్లవ్స్ కుట్టే కంపెనీ. పేరు "రెండో రౌండ్".
కుట్టుమిషన్లు రెండు, అప్పులు మూడు,
ఇక తక్కువైంది గుర్తొక్కటే.
"నేనొక్కణ్ణి చూస్తే చాలదు కోర్కోయ్,
నాకున్నది ఒకటే కన్ను. అందరికీ చూపించు" అన్నాడు.

చేతులకి చుట్టుకునే టేపుతోనే గోడకి అంటించాను.
ఒకటి, సింహం.
రెండోది, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసిన రెండక్షరాలు.
మూడోది ఒక్క గీత,
పిడికిలిగా మొదలై అలగా విరిగేది.
పదకొండు రాత్రులు ఆ గీత కోసమే మేలుకున్నాను,
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కోచ్ టెట్టే సింహం ముందు చాలాసేపు నిలబడి
"వీడు ఏ బరువులో ఆడతాడు?" అని అడిగాడు.
"జూలు దువ్వుకుని పెళ్లికొచ్చినట్టు వచ్చాడు.
గార్డ్ చూడు, గడ్డమంతా తెరిచే ఉంది."

చేపలు పొగబెట్టే డేడే ఆంటీ
తడి చేతులు నడుముకి తుడుచుకుంటూ వచ్చి
నా గీతని చూసి "తోక బాగుంది, చేప ఏదీ?" అంది.
పిల్లల్లో ఒకడు ఐస్‌క్రీమన్నాడు,
ఇంకొకడు వాళ్ల మేనమామ చెవన్నాడు,
ఆ మేనమామ అక్కడే ఉన్నాడు.

పడవల మీద పేర్లు రాసే ఒకాయ్
వెనక్కి వెనక్కి నడిచి, ఇసుకలోకి దిగి,
అక్కణ్ణుంచి కేకేశాడు:
"ఇక్కడిదాకా ఏమీ రావట్లేదమ్మా!
మూడంగుళాల కుంచెకి లొంగనిది
ముప్పై ఏళ్లు నిలవదు."
బ్యాంకులో పనిచేసే బావమరిది ఫోన్లోంచి తలెత్తకుండానే
ఆకుపచ్చ వద్దన్నాడు, ఎన్నికలొస్తున్నాయన్నాడు.
రెండక్షరాల దగ్గర ఎవరూ ఆగనే లేదు.

అన్నీ రాసుకున్నాను.
అవునండీ, అలాగేనండీ అని
ఊపి ఊపి మెడ నొప్పి పుట్టింది.
నా గీత మీద ఎవరి వేలు పడినా
ఒళ్లు మాత్రం దానంతటదే కాచుకుంటోంది.

మూలన తాడు తిప్పుతున్న అజెలే ఆగింది.
పద్నాలుగేళ్లు. పై పెదవి మీద పాత కుట్టు.
కాగితాల దగ్గరికి వచ్చి
ముక్కుకి జానెడు దూరంలో నిలబడింది.
"అంత దూరం నుంచి చూస్తారేంటక్కా అందరూ?
గ్లవ్ మీది బొమ్మ తొడుక్కున్నవాళ్లు చూడరు.
ఇక్కణ్ణుంచి కనబడుతుంది.
దెబ్బ తినేవాళ్లకి."

ఎవరూ నవ్వలేదు.
లార్యే బెంచీ మీంచి లేవకుండానే మాట్లాడాడు.
"నా ఎడమ కన్ను ఆఖర్న చూసింది లోగోనే.
ఏదో పరదేశపు కంపెనీది.
తెల్ల అక్షరాలు, నాలుగో ఐదో.
చదివేలోపు వచ్చేసింది.
ఇన్నేళ్లయినా ఆ మాట పూర్తి చెయ్యలేకపోతున్నాను."

గాలికి టేపు ఊడి
సింహం కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

ఆ రాత్రి పిడికిలి ముందు భాగమంతా ఖాళీగా వదిలేశాను.
ఉత్త తోలు.
గీతని సగానికి కోసి, ఒకాయ్ కుంచెకి లొంగేంత లావు చేసి
మణికట్టు లోపలి వైపుకి తెచ్చాను,
లేసులు ముడిపడే చోటికి.
గ్లవ్స్ తొడుక్కున్నాక ఎవరి లేసులు వాళ్లు కట్టుకోలేరు.
ఎవరో ఒకరు తల వంచి కట్టాలి.
ఆ వంచిన తలకి కనబడితే చాలనుకున్నాను.

పొద్దున్నే తోలు ముక్క మీద కుట్టి ఇచ్చాను.
లార్యే కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి
"ఇంకొంచెం కిందికి" అన్నాడు.
డేడే ఆంటీ ఇప్పటికీ చేప ఏదనే అడుగుతోంది.
నా డబ్బులు వచ్చే నెలన్నారు.
సింహాన్ని టెట్టే ఇంటికి పట్టుకెళ్లి
ఫ్రిజ్‌కి అంటించుకున్నాడట,
గడ్డం ముందు పెన్నుతో రెండు పిడికిళ్లు గీసి.