గోరు చెప్పే మాట

భద్రాచారి పెదనాన్న ముందు భూతద్దం ఇవ్వలేదు.
"గోరు పెంచు" అన్నాడు.
గుణుపురం వెండి కొట్లో
ఎడమ బొటనవేలి కొసన మొదలైంది నా చదువు.

"గీత కనబడిందా? కళ్ళు మూసుకో.
గోరు గీత మీదకి ఎక్కిందా, లోపలికి దిగిందా?
ఎక్కితే అచ్చు పగిలినట్టు.
ఆ పగుల్లోకి వెండి పాకింది, తల్లి కడుపులో తప్పది.
దిగితే ఎవుడో గీకినాడు.
లోకం సేసిన పని."

అంచు కొరుక్కుపోయిన అర్ధరూపాయి తెస్తారు,
టంకశాల తప్పండీ, పట్నంలో వేలు పలుకుతుందట అంటారు.
నేను కొరికిన చోటు చూడను.
సరిగ్గా దానికి ఎదురు అంచు చూస్తాను.
అక్కడ గట్టు నీరసించి చెరిగినట్టుంటే
బిళ్ళ పుట్టుకతోనే కురచ.
నిండుగా ఉందా, కత్తెరే. ఖాయం.
దెబ్బ తగిలిన చోటే ఉండిపోతుంది,
పుట్టుక తప్పు అవతలి ఒడ్డున కూడా తెలుస్తుంది.

రాణి మొహం అద్దంలోలా తిరగబడి గుంటపడ్డ రూపాయి
ముప్పై ఏళ్ళలో ఒక్కటే చూశాను నిజమైనది.
మిగతావన్నీ సుత్తీ, దాగలీ.

మొన్న సంత నాడు సొంబారి కొండ దిగి వచ్చింది.
అల్లం బుట్ట అరుగు మీద దించి
మెడలోంచి ఏడు రాణి రూపాయల పేరు తీసింది.
చివరిదానికి చెంప మీంచి మెడ దాకా గీత.
"తప్పుదట గదా, డబ్బులొస్తాయట, చూడు బాబూ."
సగం ఒడియా, సగం తెలుగు, అడుగున సవర.

కళ్ళు మూసుకున్నాను.
గోరు దిగింది.
నాగలి చాలు పక్కన మట్టిలా
గీత ఒడ్డున వెండి ఒరిగి ఉంది.
"తప్పు కాదమ్మా, దెబ్బ. వెండి ధరే వస్తుంది."

కాసేపు ఊరుకుంది.
"కత్తి దెబ్బేనా?"
"కత్తే."
పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.
"అయితే మా అవ్వే!
చింతపండుకి షావుకారు ఇచ్చాడట,
వెండో సీసమో అని అతని ఎదటే కోసిందట.
ఇంట్లో చెప్పుకుంటారు గానీ
ఏ బిళ్ళో తెలీదు ఇన్నాళ్ళూ."
దారం విప్పి, దాన్ని మధ్యకి ఎక్కించి
మళ్ళీ మెడలో కట్టుకుంది.
రెండు అల్లం కొమ్ములు బల్ల మీద పెట్టి పోయింది.

పలాసలో మా బావమరిది నవ్వుతాడు,
ఒడియా కలిసిపోయింది బావా నీ తెలుగులో అని.
రాయగడ ఆఫీసులో గుమాస్తా నవ్వుతాడు,
నా ఒడియా విని.
రాత్రి కొట్టు మూస్తూ
నాలుకని పళ్ళకి ఆనించి చూసుకుంటాను.
బిళ్ళ పడకముందే పగిలిన అచ్చా ఇది,
పడ్డాక ఎవరో మ్యాపు మీద లాగిన కత్తా?
నాలుకకి గోరు ఉండదు.

పెదనాన్న ఉంటే విసుక్కునేవాడు,
"ముందు తూసి సూడరా. బరువు తగ్గిందా?"
తగ్గలేదనే అనుకుంటాను.
త్రాసు లోపలే ఉండిపోయింది,
తాళం వేసేశాను.